హామండ్ తొడిగిన చేతి తొడుగులు

పోయిన వారం మీరు నన్ను చర్చి వాకిట్లో, వానలో నిలబెట్టి వెళ్లిపోయారు. ఇంకా అక్కడే ఉన్నాను. చెప్పుల్లోకి నీళ్లు కూడా వచ్చాయి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నా పేరు హవీస్. వెన్‌ఫోర్డ్‌లో ఏటి ఒడ్డున ఉన్న నీలి అద్దకం ఇల్లు నాది. మా ఆయన ఓస్బర్న్ పోయి రెండు చలికాలాలైంది. రేపు ఆదివారం పూజలో నేను బిషప్పుగారి ముందు మోకరిల్లి, ఇక ఈ జన్మలో మగాడి పక్క చేరనని ప్రతిజ్ఞ చేయాలి. ఆయన చేత్తో నల్లటి పైబట్ట, ఉంగరం పుచ్చుకోవాలి. మఠానికి పోనక్కర్లేదు. నా ఇంట్లో నేనే ఉంటాను, నా తొట్ల దగ్గర నేనే ఉంటాను. అలా దేవుడికి మాటిచ్చిన విధవరాలిని మళ్లీ పెళ్లాడమని అడిగే దమ్ము ఎవడికీ ఉండదు. అంతా కుదిరిందని నేను సంబరపడుతుంటే మా మరిది గిల్బర్ట్ అడ్డుపుల్ల వేశాడు. "ఈవిడ ఇదివరకే హామండ్‌కి పెళ్లిమాట ఇచ్చింది, చూసిన సాక్షులు ఇద్దరున్నారు" అని బిషప్పుగారి అధికారికి ఫిర్యాదు చేశాడు. ఆ విచారణ ఇవాళ, ఈ చర్చిలోనే. సాక్షి ఒక్కడైతే చెల్లదు, ఇద్దరు ఉండాలి. ఒకడు గిల్బర్టే. రెండోవాళ్లెవరో నాకు తెలియదు.

ఇంతకీ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటారా? లూకా పండగ సంతలో హామండ్ నాకు చేతి తొడుగులు ఇచ్చాడు. మేకతోలువి, లోపల గొర్రెబొచ్చు. నేను పుచ్చుకున్నాను.

మా వైపు ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. భార్య పోయినవాడో, పెళ్లికానివాడో నలుగురిలో తొడుగులు ఇస్తే, ఆడది వాటిని ఉంచుకుంటే, ఊరు దాన్ని సగం పెళ్లి కింద లెక్కేస్తుంది. వద్దనుకున్నది నవ్వేసి వెనక్కి ఇచ్చేయాలి. ఇది ఏటి ఒడ్డున బట్టలుతుకుతూ పిల్లలు ఒకరికొకరు నేర్పుకునే చదువు. నా తోటివాళ్లు ఆ చదువులో ఉన్న వయసుకి మా మేనమామ నన్ను ఓస్బర్న్ చేతిలో పెట్టేశాడు. ఆయన గడ్డం అప్పటికే నెరిసింది. నాకు ఎవరూ ఏదీ ఇవ్వలేదు, నన్నే ఇచ్చేశారు. అందుకని ఆ చదువు నాకు అబ్బలేదు.

మా ఇంట్లో తొట్లు కలిపే టిబ్ ముసలిది సంగతి విన్న రోజున నోరు నొక్కుకుంది.

"గొర్రెలు కాసే పిల్లకి కూడా తెలుసు కదమ్మా ఆ ముక్క! మీరేమో చేతులు చాపి మరీ తొడిగించుకున్నారా?"

"చలిగా ఉందే."

"చలేస్తే మంట దగ్గర కూర్చుంటారమ్మగారూ, మగాడి దగ్గర కాదు!"

నాకు కోపమొచ్చింది. తొట్టి కలిపే కర్ర దాని చేతిలోంచి లాక్కున్నాను.

ఆ తొట్ల గురించి కూడా చెప్పనివ్వండి, లేకపోతే నేను దేని కోసం ఇంత పట్టుబడుతున్నానో మీకు అర్థం కాదు. ఓస్బర్న్ బతికున్నన్నాళ్లూ నీలి మందు కలిపింది నేను, వాసన చూసి పులిసిందో లేదో చెప్పింది నేను, మోచేతుల దాకా ముంచింది నేను. బట్ట బాగా వస్తే ఆయన పనితనం, మచ్చపడితే నా దిక్కుమాలిన చెయ్యి. ఆయన మంచివాడని ఊరంతా అంటుంది. బెల్టు తీసింది తక్కువేనని మా అత్తగారు కూడా అంటుంది. ఆయన పోయిన మర్నాడు తాళంచెవులు నా నడుముకి కట్టుకున్నాను. ఏ రంగు ఎంత ముదురుండాలో నేనే చెప్పాను. ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఏటి గట్టున నడిచి వెళ్లి, మిల్లు దాకా పోయి, ఊరికే నిలబడి వచ్చాను. ఎక్కడికి పోయావని అడిగే మనిషి లేడు. ఆ సుఖం మీకెలా చెప్పను! మళ్లీ పెళ్లంటూ అయితే తొట్లు మొగుడివి. హామండ్ ఉన్ని బట్టలు నీళ్లలో తొక్కించి దళసరి చేసే మనిషి, అద్దకం తెలియదు. "తెలియకపోతేనేం, నేను చూసుకుంటాగా" అని గిల్బర్ట్ అప్పుడే తయారు. ఈ పెళ్లి మీద అంత ప్రేమ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడర్థమైందా?

అదీ సంగతి. వాన తగ్గలేదు. వాకిట్లోకి గిల్బర్ట్ వచ్చాడు. తన పైబట్ట సగం ఇంకెవరిమీదో కప్పి తీసుకొస్తున్నాడు. గుడ్డ తీశాడు. మా అవీస్.

నా కూతురు. పదహారేళ్లది. సోమవారం నుంచి ఇంటికి రాలేదు, నాయనమ్మ ఒంట్లో బాగాలేదంటే అక్కడ ఉందనుకున్నాను.

"రెండో సాక్షి ఎవరా అని తెగ బుర్ర బద్దలు కొట్టుకున్నావట కదా వదినా," అన్నాడు గిల్బర్ట్. "ఇంటి పిల్ల ఉండగా పైవాళ్లెందుకు?"

టోపీ దులుపుకుంటూ లోపలికి పోయాడు. అవీస్ నావైపు చూడకుండా జడ పిండుకుంటోంది.

"నువ్వా?" అన్నాను.

"నేనే."

"ఏం చెబుతావు?"

"హామండ్ గారు 'పెళ్లి మాటగా ఇస్తున్నా' అన్నారని. నువ్వు సరేనన్నావని."

"అన్నాడా? అన్నానా? నా పక్కనే ఉన్నావు కదే!"

అది జడ ఇంకో మెలిక తిప్పి పిండింది.

"సువార్త గ్రంథం మీద చెయ్యిపెట్టి అబద్ధమాడతావుటే? నరకానికి పోతావు!"

"నువ్వు రేపు చెప్పబోయేది మాత్రం నిజమా?" గిరుక్కున తిరిగింది. దాని కళ్లు అచ్చం వాళ్ల నాన్నవి. "ఎవ్వరూ అక్కర్లేదని ప్రతిజ్ఞ చేస్తున్నావు. ఎవ్వరూ అంటే నేను కూడా."

"పిచ్చిదానా, మగాడు వద్దనడానికీ కూతురు వద్దనడానికీ..."

"ఏం తేడా ఉందమ్మా మనింట్లో? నాన్న పోయాక బల్ల చివర కూర్చుంటున్నావు, నాన్న కూర్చున్నచోట. నన్ను ఒక్కసారైనా పక్కన కూర్చోమన్నావా? తొట్లతో మాట్లాడతావు. టిబ్‌తో పోట్లాడతావు. నాతో 'తిన్నావా, తలుపేశావా', అంతే. రేపట్నుంచి నల్ల ముసుగొకటి! హామండ్ గారు నవ్వుతారు తెలుసా? దగ్గొచ్చినట్టు పెద్దగా నవ్వుతారు. మనింట్లో నవ్వు వినిపించి ఎన్నాళ్లైంది?"

దానికి చెప్పాల్సింది ఎంతో ఉంది. ఎవరి పక్కనైనా కూర్చోవడమెలాగో నాకే ఎవరూ చూపలేదనీ, రెండేళ్లుగా ఆ ఇంట్లో నాక్కూడా దిక్కుతోచనంత ఒంటరిగా ఉందనీ, స్వేచ్ఛ వచ్చినప్పుడు తోడు తీసుకురాలేదనీ. నోట వచ్చింది మాత్రం ఇది.

"నీకేం కనిపించిందో అది చెప్పు," అన్నాను. "నాకోసం అబద్ధమాడకు. బాబాయ్ కోసమూ ఆడకు."

"నిజం చెబితే నువ్వు ముసుగేసుకుంటావు."

"వేసుకుంటాను."

అది మూతి బిగించి లోపలికి వెళ్లిపోయింది. ఆ వాకిట్లో నేనూ, చూరు నీళ్లూ మిగిలాం.

అధికారి మాస్టర్ ఆంబ్రోజ్ పక్క గదిలో నిప్పుల కుంపటికి కాళ్లు కాచుకుంటూ కూర్చున్నారు. జలుబు చేసిన మనిషి. ముక్కు ఎర్రగా ఉంది, ఓపిక తక్కువగా ఉంది. పక్కన రాతగాడు. గోడవారగా హామండ్, టోపీని రెండు చేతుల్లో నలుపుతూ, బెంచీ చివర కూర్చున్నాడు. ఇంతింత భుజాలున్న మనిషి ఇంతగా ముడుచుకుపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ముందు గిల్బర్ట్ ప్రమాణం చేసి గడగడా అప్పజెప్పాడు. సంత, తోలు దుకాణం, తొడుగులు, పెళ్లిమాట. ఆ మాట చెప్పేటప్పుడు ఎంత బాగా చెప్పాడంటే నాకే అది జరిగిందేమో అనిపించింది.

"హామండ్," అన్నారు అధికారి. "ఇచ్చేటప్పుడు పెళ్లి గురించి నోటితో అన్నావా?"

"నా మనసులో ఉందండీ."

"మనసు సంగతి కాదయ్యా. నోటితో?"

హామండ్ గిల్బర్ట్ వైపు చూశాడు. గిల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు.

"అన్నానండీ," అన్నాడు హామండ్, నేల చూస్తూ.

"నువ్వేమంటావమ్మా?"

"తొడుగులు తీసుకున్న మాట నిజమేనయ్యగారూ. పెళ్లిమాట ఎవరూ ఎత్తలేదు. 'చలికి పనికొస్తాయి' అన్నారు, అంతే."

"చలికి పనికొస్తాయట!" గిల్బర్ట్ పెద్దగా నవ్వాడు. "ఈడొచ్చిన కూతురున్న ఆడదానికి ఆ మాత్రం తెలియదంటే నమ్ముతారా అయ్యగారూ? పాలు తాగే పిల్లనుకోండి పాపం!"

"నువ్వు నోరు మూస్తావా, నేను మూయించనా?" అన్నారు మాస్టర్ ఆంబ్రోజ్, ముక్కు తుడుచుకుని. "ఆ పిల్లని పిలవండి."

అవీస్ ముందుకొచ్చింది. రాతగాడు సువార్త గ్రంథం దాని ముందు పెట్టాడు. అది చెయ్యి పెట్టింది. దాని వేళ్ల చివర్లు కూడా నీలమే. పోయిన వేసవిలో నాతో కలిసి ముంచింది. ఎంత కడిగినా గోళ్ల దగ్గర పోలేదు. ఆ క్షణంలో నాకు తొట్లు గుర్తు రాలేదు, ప్రతిజ్ఞ గుర్తు రాలేదు. నా బిడ్డ నా మూలాన పాపం మూటకట్టుకుంటోందే, అది ఒక్కటే.

"చెప్పు తల్లీ. నువ్వేం విన్నావు?"

అవీస్ గిల్బర్ట్ వైపు చూసింది. తర్వాత నావైపు చూసింది.

"ఏమీ అనలేదండీ," అంది.

"ఎవరు?"

"హామండ్ గారు. పెళ్లి గురించి ఏమీ అనలేదు. మా అమ్మ కూడా ఏమీ అనలేదు. 'చలికి పనికొస్తాయి' అన్నారు." ఆగి, ఏడుపు గొంతుతో అంది, "అన్నారని చెప్పాలనే నాకు ఉందండీ. కానీ అనలేదు."

"ఏయ్ పిల్లా!" గిల్బర్ట్ లేచాడు.

"అనలేదు బాబాయ్! నీకూ తెలుసు. నువ్వు అసలక్కడ లేనేలేవు, ఉల్లిపాయల కొట్టు దగ్గరున్నావు!"

రాతగాడు నవ్వాపుకోలేకపోయాడు. గిల్బర్ట్ మొహం మాడిపోయింది. గోడవారనున్న హామండ్ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"పిల్ల చెప్పిందే నిజమండీ," అన్నాడు. "నేనేమీ అనలేదు. అనడానికి ధైర్యం చాల్లేదు. ఇందాక చెప్పింది తప్పు, ఏ శిక్ష వేసినా పడతాను." నావైపు తిరిగి తలవంచాడు. "మన్నించండి హవీస్ గారూ." టోపీ పెట్టుకుని తలుపు వైపు నడిచాడు.

అయిపోయింది! అంత తేలిగ్గా అయిపోయింది. బల్ల పట్టుకున్నాను. అవీస్ గోడకి ఆనుకుని, మొహం అటు తిప్పుకుని ఉంది. దాని దగ్గరికి పోవాలి అనుకున్నాను.

"ఉండమ్మా," అన్నారు మాస్టర్ ఆంబ్రోజ్. "ఇంకొక్క ప్రశ్న ఉంది. ఇది నా ప్రశ్న కాదు, రేపు అందరి ముందూ బిషప్పుగారు అడిగేదే. ఏ మగాడికీ మాటతోగానీ మనసుతోగానీ కట్టుబడి లేవు కదా అని. మాట సంగతి తేలింది. నువ్వు కూడా చెయ్యి పెట్టి చెప్పు. ఆ తొడుగులు పుచ్చుకున్నప్పుడు నీ మనసులో ఇతన్ని పెళ్లాడాలని ఉందా?"

"అడగండి, అడగండి!" అన్నాడు గిల్బర్ట్, ప్రాణం లేచొచ్చినట్టు.

గ్రంథం అట్ట చల్లగా ఉంది. 'లేదు' అని ఒక్క ముక్క అంటే చాలు. ఇల్లు నాది, తొట్లు నావి, ఏటి గట్టు నాది, చచ్చేదాకా నేను నాదాన్ని. నా మనసులోకి తొంగి చూసినవాళ్లు ఎవరున్నారు? నోరు తెరిచాను. అవీస్ ఇటు తిరిగింది. ముక్కు ఎర్రబడిపోయి, కళ్లు వాచిపోయి, నన్నే చూస్తోంది. తనకి ఇష్టం లేని నిజాన్ని ఇప్పుడే చెప్పి నిలబడ్డ పిల్ల అది. దాని ముందు నేనెలా అబద్ధమాడను?

"ఉంది," అన్నాను.

కుంపట్లో నిప్పు చిటపటలాడింది. తలుపు దగ్గర హామండ్ ఆగిపోయాడు.

"ఆ పూట ఉందయ్యగారూ. నా చేతులు చూడండి. ఈ నీలం చూసి ఊళ్లో ఆడవాళ్లు నేనిచ్చిన రొట్టె తీసుకోరు. చర్చిలో నా పక్కన కూర్చోరు. ఆయన ఈ చేతుల్ని పట్టుకున్నారు. తొడుగు లోపల తన నోటితో ఊది, వెచ్చగా చేసి, అప్పుడు తొడిగారు. ఒక్కో వేలూ సర్దారు. నాకు పుట్టి బుద్ధెరిగాక నన్ను అంత జాగ్రత్తగా ఎవరూ ముట్టుకోలేదు. చలని అందరితో చెప్పాను. చలి కాదు. ఆ చెయ్యి వదలకపోతే బావుండునని అనిపించింది. ఈ మనిషితో ఇంటికి పోయి, బల్ల దగ్గర కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడుకుంటే బావుండునని అనిపించింది. నాకు మనుషులు అక్కర్లేదని మా పిల్ల అంటోంది. అక్కర్లేకపోవడమేమిటి! ఒక్కోరోజు ఆ తొట్ల దగ్గర మనిషి గొంతు కోసం గుండె లాగేస్తుంది."

అవీస్ "అమ్మా" అంది. ఎలా వచ్చిందో తెలియదు, నా పక్కనే ఉంది, నా మోచెయ్యి పట్టుకుని.

"మరి ఇప్పుడో?" అన్నారు మాస్టర్ ఆంబ్రోజ్. ఆయన గొంతు మెత్తబడింది.

"ఇప్పుడు వద్దు. ఇంటికి నడిచి వెళ్లేలోగా తెలివొచ్చింది. ఈయన ఎంత మంచివాడైనా, నేను ఈయన గడప లోపలికి అడుగు పెట్టినరోజు నా చెయ్యి నాది కాదు. నాకు ఆశ ఉంది. ఉన్నా సరే, నాకు నేనే కావాలి. ప్రతిజ్ఞ చేస్తాను."

ఆయన ముక్కు నలుపుకున్నారు. రాతగాడు కలం ముంచి, రాయాలో వద్దో తెలియక ఆయన మొహంలోకి చూస్తున్నాడు.

"నువ్వు 'లేదు' అని ఉంటే నా పని తేలికయ్యేదమ్మా," అన్నారు చివరికి. "మనసు పడి కానుక పుచ్చుకున్నావు. ఇచ్చినవాడి మనసులోనూ అదే ఉంది. దాన్ని నేను పెళ్లి అనలేను, ఏమీ కాదనీ అనలేను. కానీ దారుంది. హామండ్! నీకు ఈమె మీద ఏ హక్కూ వద్దని, ఈ గ్రంథం మీద చెయ్యి పెట్టి వదులుకుని పో. ఎటూ పోతున్నావు కదా. రేపు ప్రతిజ్ఞ జరుగుతుంది."

ఇక అయిపోయినట్టే అనుకున్నాను. ఇందాక తప్పు ఒప్పుకుని, మన్నించమని తలవంచి వెళ్లబోయిన మనిషే కదా. గిల్బర్ట్ కూడా ఆశ వదులుకుని పైబట్ట భుజాన వేసుకుంటున్నాడు.

హామండ్ తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు. టోపీ తీశాడు. గ్రంథం దాకా వచ్చాడు. చెయ్యి పెట్టలేదు. ఇందాకటి ముడుచుకుపోయిన మనిషి కాదు. నిటారుగా నిలబడి, అధికారిని కాదు, నన్నే చూస్తున్నాడు. ఆ కళ్లలో నీళ్లున్నాయి.

"పొద్దున గిల్బర్ట్ లాక్కొస్తే వచ్చానండీ," అన్నాడు. "ఈవిడకి నేనంటే ఏమీ లేదనుకున్నాను, అందుకే సిగ్గుతో పోతున్నాను. ఇప్పుడు ఈవిడ నోటితోనే విన్నాను. వదులుకోమంటే నావల్ల కాదు. రేపు బిషప్పుగారు పూజలో 'అభ్యంతరం ఎవరికైనా ఉందా' అని అడిగితే, లేచేది గిల్బర్ట్ కాదండీ. నేను."